సరుగుడు తోట అంచు

బందరు సముద్రంలో నీళ్ళ కింద ఏం కనిపిస్తుందని నన్ను చాలామంది అడిగారు. ఏమీ కనిపించదు. ఆ మాట చెబితే ఏదో దాస్తున్నానని అనుకుంటారు. వీపున సిలిండర్ కట్టుకుని, మొహానికి అద్దం బిగించుకుని, కాళ్ళకు రెక్కలు తొడుక్కుని దిగేది ఏమీ చూడకుండా రావడానికా అని మా అమ్మీ కూడా అడిగింది. నేను టీ తాగాను.

మాది బందరు పక్కనే చిలకలపూడి. ఇంట్లో అందరిదీ రోల్డుగోల్డు పని. గాజుకు మెరుగు పెడుతూ మా అబ్బా గంటలకొద్దీ తల ఎత్తకుండా కూర్చునేవాడు. నాకు అంత ఓపిక లేదు. విశాఖపట్నం పారిపోయినంత పని చేసి, ఓడల అడుగు గీకే పనిలో చేరి, అక్కడే డైవింగ్ నేర్చుకున్నాను. తర్వాత కొన్నేళ్ళు టూరిస్టులను నీళ్ళలోకి దింపి చేపలు చూపించి పైకి తెచ్చేవాణ్ణి. మంచి రోజున అక్కడ చెయ్యి చాపితే వేళ్ళు కనిపించేవి, వేళ్ళ అవతల చేపలు కనిపించేవి. నేను గొప్ప డైవర్‌నని అనుకున్నాను. తేట నీళ్ళలో దిగడమే తప్ప నాకు ఇంకేమీ రాదని తెలియడానికి సొంత ఊరు రావలసి వచ్చింది.

గుడివాడ కాంట్రాక్టరు ఒకాయన ఫోన్ చేశాడు. అంతకు ఏడాది ముందు ఆయన యార్డులో సిమెంటు దిమ్మెలు పోతపోసి, గిలకలదిండి రేవు నుంచి తీసుకెళ్ళి సముద్రంలో దింపారు. బందరు సముద్రం అడుగంతా బురద. చేప దాక్కోవడానికి రాయి లేదు, రప్ప లేదు. కన్నాలున్న దిమ్మెలు వేస్తే వాటికి నాచు పడుతుంది, గుల్లలు అతుక్కుంటాయి, చేపలు వచ్చి కాపురం పెడతాయి. ఇప్పుడు రెండో విడత దిమ్మెలు సిద్ధంగా ఉన్నాయి. మొదటివి ఉన్నాయో, బురదలో మునిగిపోయాయో చూసి, ఫొటో తీసి, ఒక కాగితం రాసివ్వాలి. మా ఊరే కదా, ఎంతసేపు అనుకుని ఒప్పుకున్నాను.

గిలకలదిండిలో నన్ను పడవలో తీసుకెళ్ళడానికి ఇద్దరు వచ్చారు. ఒకాయనకు అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. వల ఎక్కడైనా అడుగున పట్టేస్తే ఊపిరి బిగబట్టి దిగి విడిపించుకొచ్చే మనిషని రేవంతా చెప్పుకునేది. రెండో ఆయన అల్లుడు. నేను పెద్దాయన్ని మావయ్యా అన్నాను. దాంతో అల్లుడు నాకు అడగకుండానే బావ అయిపోయాడు.

దిమ్మెలు ఎక్కడ వేయాలో చెప్పింది మావయ్యే. అక్కడ బురద పలచన, కింద గట్టి నేల ఉందని ఆయన పందెం వేసినట్టు చెప్పాడట. వేసిన కొన్నాళ్ళకు ఆ చుట్టుపక్కల ఎవరికీ చేప పడలేదు. దిమ్మెలు మునిగిపోయాయని, ముసలాయన చోటు తప్పు చెప్పాడని పుకారు లేచింది. చోటు తెలియనివాడికి పడవెందుకు అని చేపల వేలంపాట దగ్గర ఎవరో అన్నారట. ఆ మాటతో ఆయన పడవ అల్లుడికి అప్పగించి, ఆరు నెలలుగా సముద్రం మొహం చూడలేదు. రెండో విడత ఎక్కడ వేయాలో ఊరి పెద్దలు తేల్చాలి. డైవరు ఉన్నాయంటే మళ్ళీ ఈయన చెప్పిన చోటే. లేవంటే ఇక ఈయన మాట ఎవరూ అడగరు.

ఇదంతా నాకు బావ చెప్పాడు, ఇంజను చప్పుడులో, చెవిలో అరుస్తూ. మావయ్య ముందు కూర్చుని ఒడ్డు వైపే చూస్తున్నాడు.

నా దగ్గర కాంట్రాక్టరు ఇచ్చిన కాగితం మీద జీపీఎస్ అంకెలున్నాయి. బావ వాటిని తన పెట్టెలో నొక్కి ఒకచోట ఆపాడు. మావయ్య తల అడ్డంగా ఊపాడు.

“ఇది కాదు. ఇంకా లోపలికెళ్ళాలి.”

“కాగితంలో ఇదే ఉంది మావయ్యా,” అన్నాను.

“వెయ్యకముందు రాసుకున్న అంకెలవి. కాగితం ఆ రోజు పడవలో లేదబ్బాయ్. నేనున్నాను.”

అయినా కాగితం నాది కాబట్టి అక్కడే దిగాను. రెండు బారలు దిగేసరికి నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగులోకి మారాయి. నాలుగు బారలకు చీకటి. కృష్ణమ్మ దివిసీమ చుట్టూ తిరిగి తెచ్చిన ఒండ్రు అంతా నా అద్దం ముందే నిలబడినట్టుంది. నా చెయ్యి నాకు కనిపించలేదు. గాలి ఎంత మిగిలిందో చూసుకునే మీటరును అద్దానికి ఆనించి పెట్టుకున్నా కనిపించలేదు. అడుగు తగిలిందని తెలిసింది చెయ్యి మోచేతి దాకా బురదలో దిగినప్పుడు. కాసేపటికి పైన ఏదో, కింద ఏదో కూడా తెలియలేదు. వదిలిన గాలి బుడగలు చెంప మీదుగా ఎటు పాకుతున్నాయో పోల్చుకుని అటు పైకి అని నిర్ణయించుకున్నాను. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, భయపడ్డాను. ఆ మాట పడవలో చెప్పలేదు.

పైకి వచ్చి, ఇక్కడ లేవు అన్నాను.

తర్వాత మావయ్య గుర్తులతో వెళ్ళాం. ఆ పద్ధతి ఆయన నాకు చెప్పిన తీరు ఇది. లైట్‌హౌసు, నీళ్ళ ట్యాంకు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవ నిలపాలి. ఆ వరస తప్పకుండా ముందుకు సాగాలి. దక్షిణాన, దివిసీమ వైపు ఒడ్డున సరుగుడు తోట ఉంది. ఆ తోట దక్షిణపు చివరి అంచు, దాని వెనకున్న తెల్ల చర్చి శిఖరం కిందికి వచ్చేదాకా వెళ్ళాలి. రెండూ కుదిరిన చోట ఆగాలి. నాకు ఒడ్డున ఒక నల్ల గీత, ఒక తెల్ల చుక్క తప్ప ఏమీ కనిపించలేదు. మావయ్య మాత్రం గుమ్మంలో నిలబడి వీధి చూస్తున్నట్టు చూశాడు.

“లంగరెయ్యి. ఇదే,” అన్నాడు.

దిగాను. బురద. తాడు పట్టుకుని చుట్టూ గుండ్రంగా తడుముకుంటూ తిరిగాను. బురద, ఒక పాత వల ముక్క, మళ్ళీ బురద. గాలి అయిపోవస్తుంటే పైకి వచ్చి పడవ అంచు పట్టుకున్నాను. చిరాకుగా ఉంది. చలిగా ఉంది. ముక్కులో ఉప్పునీళ్ళు.

“లేవు మావయ్యా. ఏమీ లేవక్కడ,” అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.

మావయ్య లేచాడు. చొక్కా విప్పి మడతపెట్టి పక్కన పెట్టాడు. బావ వద్దంటున్నా వినకుండా నీళ్ళలోకి దిగి, లంగరు తాడు పట్టుకుని, నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి తీసి మునిగాడు. సిలిండర్ లేదు, అద్దం లేదు. నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టి యాభై దగ్గర తడబడ్డాను. అప్పుడు తేలాడు. గుప్పిట బిగించి ఉంది. పడవలోకి ఎక్కాక విప్పాడు. నల్లటి మెత్తటి బురద. దాన్ని చాలాసేపు చూసి నీళ్ళలో కడిగేసుకున్నాడు.

“నాదే తప్పు. మునిగిపోయినయ్యి,” అన్నాడు అల్లుడితో. “పోనియ్ ఇంటికి.”

దారిలో బావ అన్నం డబ్బా విప్పి రొయ్యల వేపుడు పెట్టాడు. మావయ్య ముట్టుకోలేదు. నేను తిన్నాను, ఆకలేసి. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం చిలకలపూడిలో కూర్చుని కాగితం రాశాను. దిమ్మెలు కనుగొనబడలేదు, ఒండ్రులో మునిగిపోయి ఉండవచ్చు. మూడు సార్లు చదివాను. తప్పేమీ లేదు. అయినా ఏదో తేడాగా ఉంది. రెండు చోట్లా మునిగిపోయాయా? ఉన్నది ఒకే చోట కదా, రెండు చోట్ల ఎలా మునుగుతాయి? మునిగితే ఒక్కటైనా అంచు తగలదా? నిలువెత్తు దిమ్మెలని కాంట్రాక్టరే చెప్పాడు. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు సంతకం పెట్టేయడం నా అలవాటు. పెట్టేశాను.

మర్నాడు గుడివాడ బస్సెక్కాను. పెడన దగ్గర రైల్వే గేటు వేసి ఉంది. మా బస్సు ముందు ఒక లారీ. దాని నిండా సరుగుడు బాదులు, వెనక్కి పొడుచుకొచ్చిన చివర్లకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. గేటు ఎంతకీ తీయకపోయేసరికి జనం కిందికి దిగారు, నేనూ దిగాను. లారీ డ్రైవరు తాళ్ళు బిగిస్తున్నాడు. ఊరికే, పలకరింపుగా, ఎక్కడి సరుకని అడిగాను.

“బందరు బీచి అవతలండి, దివిసీమ వైపు. పెద్ద తోట. రెండు నెలల్నుంచి కొడతన్నారు. దక్షిణం పక్క సగం అయిపోయింది,” అన్నాడు.

సరే అని బస్సెక్కి కూర్చున్నాను. గేటు తీశారు. బస్సు కదిలింది. ఇంకో ఐదు నిమిషాలు నాకేమీ తట్టలేదు. నా బుర్ర ఎప్పుడూ అంతే, విన్నది వినగానే లోపలికి వెళ్ళదు. అప్పుడు తట్టింది. మావయ్య చూసింది సరుగుడు తోట చివరి అంచు. సగం తోట కొట్టేస్తే అంచు మిగిలిన సగం దగ్గరికి జరుగుతుంది, దాంతో పడవ ఆగే చోటూ జరుగుతుంది. సముద్రం మీద నుంచి చూస్తే నల్ల గీత పొట్టిదైందని ఎవరికి తెలుస్తుంది? నిన్నటి దాకా ఆరు నెలలు ఆయన సముద్రం మీదికి రాలేదు. రోజూ వెళ్ళే బావ ఏనాడూ ఒడ్డు చూసి పడవ నడపలేదు, పెట్టె చూసి నడిపాడు. సరుగుడు చెట్టు నాలుగైదేళ్ళు పెంచి కొట్టేసే పంట. ఆ పంటను గుర్తుగా పెట్టుకున్నాడాయన, కొండను పెట్టుకున్నట్టు.

బస్సు ఆపమని అరిచాను. కండక్టరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి దింపాడు. అవతలి వైపు నిలబడి బందరు బస్సు కోసం చూస్తుంటే ఒక్కసారిగా అనుమానం వచ్చింది. ఇది నిజమేనా, నేను కావాలని అనుకుంటున్నానా? జేబులో సంతకం పెట్టిన కాగితం ఉంది.

మావయ్య ఐసు ఫ్యాక్టరీ గోడ నీడలో కూర్చుని వల అల్లుతున్నాడు. చెప్పాను. సూది ఆగిపోయింది. వల ఒళ్ళోంచి పక్కకు దించాడు.

“తోట కొట్టారా?” అన్నాడు, ఎవరో పోయారని విన్నట్టు.

పాత అంచు సముద్రం మీద నుంచి ఎలా కనిపెట్టాలో ఆయనే చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బావ తోటకు వెళ్ళాడు. దక్షిణం కొసన చివరి వరస మోళ్ళు వెతికి, అక్కడ పచ్చి కొమ్మలు, ఎండు ఆకు పోగేసి, తోటవాళ్ళను అడిగి మంట పెట్టాడు. పొగ బాగా రావాలని తడి గోనెలు కప్పాడు. నేనూ మావయ్యా చిన్న ఫైబర్ పడవలో బయల్దేరాం. ఆరు నెలల తర్వాత మావయ్య తెడ్డు పట్టాడు.

లైట్‌హౌసు, ట్యాంకు కలిశాయి. ఆ వరసలోనే ముందుకు వెళ్ళాం. ఒడ్డున నల్ల గీతకు కాస్త ఎడంగా సన్నటి బూడిద రంగు పొగ లేచింది. గాలికి పక్కకు వాలింది. నేను పొగ తల చూస్తున్నాను.

“తల కాదు. మొదలు చూడు,” అన్నాడు మావయ్య. మొన్న ఆగిన చోటు దాటి చాలా దూరం వెళ్ళాం. పొగ మొదలు చర్చి కిందికి వచ్చింది. ఇంజను ఆపి, తెడ్డు నీళ్ళలో నిలువుగా దింపి, దాని పిడికి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నన్ను రమ్మన్నాడు. నేనూ చెవి ఆనించాను. పెనం మీద నీళ్ళ చుక్కలు పడ్డట్టు సన్నటి చిటపటలు. రొయ్యలో, చేపలో, నా చెవిలో ఉప్పునీళ్ళో తెలియలేదు.

“వినపడిందా?”

“ఏదో వినపడింది.”

“బురదలో ఏదో కూడా వినపడదు,” అని లంగరు వేశాడు.

దిగే ముందు తాను కూడా వస్తానన్నాడు. నేను వద్దని చాలా చెప్పాను. చివరికి ఒక్క ఒప్పందం మీద సరేనన్నాను. కింద నా గొట్టంలోంచి గాలి పీల్చకూడదు. సిలిండర్ గాలి లోతున పీల్చి ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

“నీ ఎంగిలి గాలి నాకెందుకబ్బాయ్,” అన్నాడు.

ముందు నేను వెళ్ళాను. అదే టీ రంగు, అదే చీకటి. తాడు చివర నుంచి చేతులతో తడుముకుంటూ ముందుకు పాకాను. ఒక బార, రెండు బారలు, బురద. మనసులో మళ్ళీ లేవు అనుకోబోతున్నాను. అప్పుడు కుడి అరచెయ్యి దేన్నో గట్టిగా కొట్టుకుని భగ్గుమంది. గుల్లలు. కత్తుల్లాంటి గుల్లలు. ఇంకో చెయ్యి వేశాను. నిలువుగా గోడ. గోడలో గుండ్రటి కన్నం, తల పట్టేంత. కన్నంలోంచి ఏదో జారి నా మణికట్టుకు రాసుకుంటూ పోయింది. నీళ్ళ కింద, గొట్టం నోట్లో పెట్టుకుని నవ్వితే అద్దంలోకి నీళ్ళు వస్తాయి. వచ్చాయి.

తాడు తెచ్చి దిమ్మెకు కట్టి మూడు సార్లు లాగాను. అది మా గుర్తు. కాసేపటికి తాడు వణికింది. చీకట్లోంచి ఒక చెయ్యి దిగి నా తలను తాకింది. తర్వాత అద్దాన్ని, భుజాన్ని తడిమింది. నేను ఆ చెయ్యి పట్టుకుని దిమ్మె మీద పెట్టి, పైన నా చెయ్యి నొక్కి ఉంచాను. ఎంతసేపో తెలియదు. ఆయన వేళ్ళు నా వేళ్ళ కింద ఒకసారి బిగుసుకున్నాయి. తర్వాత లేవు. పైకి వెళ్ళాడా, పక్కకు కొట్టుకుపోయాడా? చుట్టూ తడిమాను. నేను గబగబా పైకి లేవకూడదు, నిదానంగానే లేవాలి. ఆ నిదానం నా జీవితంలో అన్నిటికంటే పొడుగైంది.

పైన పడవ అంచు పట్టుకుని మావయ్య నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

కెమెరాలో పదకొండు ఫొటోలు పడ్డాయి. అన్నీ గోధుమ రంగు, మా అమ్మీని అడిగితే హలీమ్ అంటుంది.

మర్నాడు వేలంపాట అయ్యాక షెడ్డు కింద పెద్దలు కూర్చున్నారు. మావయ్య ఒక పక్కన నిలబడ్డాడు. ఒక పెద్దమనిషి నన్ను సూటిగా అడిగాడు.

“మొన్న లేవన్నారంటగా. ఇయ్యాల ఉన్నయ్యంటన్నారు. ఏది నమ్మమంటారండీ?”

తోట సంగతి చెప్పాను, మంట సంగతి చెప్పాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. ఫొటోలు చూపిస్తే నవ్వారు. చివరికి నా అరచెయ్యి చాపాను. అడ్డంగా, నిలువుగా ఎర్రటి గాట్లు. ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని చూసి, పక్కవాళ్ళకు చూపించి, గుల్ల కోతే అన్నాడు. తర్వాత మావయ్య వైపు తిరిగాడు.

“నువ్వూ దిగావంటగా? ముట్టుకున్నావా?”

మావయ్య తన రెండు చేతులూ చాపాడు. ఒక్క గీత లేదు.

“నేను చెప్పలేను. ఈ అబ్బాయి ముట్టుకున్నాడు,” అన్నాడు.

నాకు మతిపోయింది. ఆయన చెయ్యి దిమ్మె మీద నేనే పెట్టాను కదా. పెద్దలు గుసగుసలాడుకున్నారు. కాసేపటికి, రెండో విడత కూడా అక్కడే, చోటు ఈయనే చూపించాలి అని తేల్చారు. అందరూ లేచి వెళ్ళిపోయారు. నేను మావయ్యను టీ కొట్టుకు లాక్కెళ్ళాను.

“ముట్టుకున్నారు కదా మావయ్యా. ఎందుకట్లా అన్నారు?”

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఊదుకున్నాడు.

“యాభై ఏళ్ళు తాడు లాగిన చెయ్యి. ఎప్పుడో మొద్దుబారింది. పైగా ఊపిరి ఆగిపోతా ఉంది. అది దిమ్మో, నీ సిలిండరో నాకు తెలీలేదు.”

“మరి పైకొచ్చాక నవ్వారుగా?”

“ఊపిరందింది, నవ్వాను.”

నా గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆయన ముందు రోజంతా దిమ్మె ఉందన్నట్టే నడిచాడు. రాత్రి ఇంట్లో వాళ్ళకు ఉందనే చెప్పాడట. పొద్దున షెడ్డు కింద తల ఎత్తుకునే నిలబడ్డాడు.

“తెలియకుండా ఎట్లా నమ్మారు మావయ్యా?”

“నువ్వు ఉందన్నావుగా,” అన్నాడు. టీ ఒక గుక్క తాగాడు. “మొదటి రోజు లేదన్నావు. అప్పుడూ నమ్మాను కదబ్బాయ్.”